కొత్త బెల్లం రంగు ఇసుక

ఇసుకలోకి బండి దింపే ముందు చేయాల్సిన మొదటి పని టైర్లలో గాలి తీసేయడం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నన్ను ఆట పట్టిస్తున్నారనుకున్నాను. ఒమాన్‌లోని ఇబ్రిలో మూడేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపినవాణ్ణి నేను. పొద్దున్నే టైర్లను కాలితో తన్ని చూసి, మెత్తగా ఉంటే గాలి కొట్టించాకే డ్యూటీ ఎక్కేవాణ్ణి. అలాంటిది తారు రోడ్డు అయిపోయి వహీబా ఇసుక మొదలయ్యే చోట ఒక ముసలాయన గొంతుక్కూర్చుని, లక్షణమైన టైర్లలోంచి బుస్సుమని గాలి వదిలేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. సగం గాలితో టైరు వెడల్పుగా పరుచుకుంటుందనీ, అప్పుడే ఇసుకలో దిగబడకుండా పోతుందనీ తర్వాత తెలిసింది. ఆయన గేజీ పెట్టి చూసేవాడు కాదు. చెవి టైరు దగ్గర పెట్టి, ఆ బుస విని, చాలు అనేవాడు. అబ్బ, ఏం పనితనం అనుకున్నాను.

ఇది తొంభైల మొదట్లో మాట. మా అర్బాబ్‌కి, అంటే మా కంపెనీ యజమానికి, ఇబ్రిలో కట్టడాల పనులుండేవి. అవి చాలవన్నట్టు కొత్తగా టూర్ల పని మొదలుపెట్టాడు. మస్కట్‌లో అల్ ఖువైర్ బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసే తెల్లవాళ్లు గురు, శుక్రవారాల సెలవుకి సొంత జీపులేసుకుని వచ్చేవారు. ముందు మా బండి, వెనక వాళ్లవి నాలుగో అయిదో. మా చక్రాల గాడిలోనే వాళ్లూ నడపాలి. దారి చూపేది ఆ ముసలాయన. అక్కడే పుట్టి, ఒంటెల వెంట తిరిగి, నడివయసులో స్టీరింగ్ పట్టిన బెదూ తెగ మనిషి. అందరం బాబా అనేవాళ్లం.

ఆ చలికాలం బాబా మోకాళ్లు నొప్పిగా ఉన్నాయన్నాడట. తను పక్కన కూర్చుని దారి చెప్తానని, నడపడానికి మనిషిని ఇమ్మన్నాడట. అర్బాబ్ నన్ను పంపాడు. పంపుతూ ఒకే మాట చెప్పాడు.

"ఎండలు ముదిరేలోపు బాబా నిన్ను సరే అంటే నీకు వేరే బండి, వేరే జట్టు ఇస్తాను. అనకపోతే మళ్లీ ఇబ్రి."

ఇబ్రి అంటే ఒక రూమ్‌లో పన్నెండు మందిమి, ముక్కులో సిమెంటు, ఏసీ లేని ట్యాంకర్, రోజూ అదే బావి, అదే సైట్. తిన్నామా పడుకున్నామా తప్ప కొత్తగా చూడటానికి ఏమీ లేదు. ఇక్కడ మొదటి రోజే, బండి ఎక్కీ ఎక్కకముందే, నాకు వంద ప్రశ్నలు పుట్టాయి. బోర్డు లేదు, స్తంభం లేదు, నిన్నటి గాడి ఇవాళ ఉండదు. ఈ మనిషి దారెలా కనుక్కుంటున్నాడు? ఆ సంగతి తేల్చుకోకుండా ఇబ్రికి పోకూడదని మొండిపట్టు పట్టాను.

ప్రశ్నలు నేను అడగాల్సింది పోయి ఆయనే అడిగేవాడు. మాది సగం అరబ్బీ, సగం హిందీ కలిసిన గల్ఫు భాష. బండి కదలగానే మొదలుపెట్టేవాడు.

"ముందు ఇసుక ఏ రంగు?"

"ఎర్రగా ఉంది బాబా."

"ఎర్ర అంటే ఎంత ఎర్ర? గీతలున్నాయా, నున్నగా ఉందా? నీడ ఏ పక్క పడింది?"

బడిలో పంతులు పిల్లాణ్ణి నిలబెట్టి ఎక్కాలు అడిగినట్టే ఉండేది. నేను చదివింది ఏడో తరగతే అయినా పరీక్ష అంటే నాకు పంతం. జవాబు తప్పకూడదని కళ్లు చిట్లించి చూసి చెప్పేవాణ్ణి. గాలికి గీతలు పడ్డ ఇసుక గట్టిగా ఉంటుందని, లేతగా నున్నగా మెరిసేది చక్రాన్ని మింగుతుందని అలా చెప్తూ చెప్తూనే నాకు తెలిసొచ్చింది. ఇసుక తిన్నె ఎక్కేటప్పుడు సగంలో ఆగకూడదు. శిఖరం మీద మాత్రం నెమ్మదించాలి, ఎందుకంటే అవతలి పక్క కొన్నిచోట్ల గోడలా తెగిపోయి ఉంటుంది. దిగితే నిటారుగా దిగాలి, అడ్డంగా దిగితే బండి పల్టీ.

రంగులకు నా అరబ్బీ చాలలేదు. ఎరుపు, పసుపు, తెలుపు అయ్యాక ఇంకేం చెప్పను? అందుకని మా జగిత్యాల పక్క ఇళ్లలో ఉండే వస్తువులు పట్టుకొచ్చాను. ఇటుక పొడి, పసుపు, బెల్లం. పసుపంటే మచ్చీ కూరలో, అంటే చేపల కూరలో వేసేది, ఆయనకి తెలుసు. ఇటుకా తెలుసు. బెల్లం తెలీదు. సెలవు నుంచి వచ్చేటప్పుడు మా అమ్మ కట్టించిన బెల్లం ముక్క నా ట్రంకులో ఉంటే తెచ్చిచ్చాను. చేత్తో తడిమాడు, వాసన చూశాడు, కొరికాడు. ఖహ్వాలోకి, అంటే వాళ్ల కాఫీలోకి, ఖర్జూరం కంటే ఇదే బాగుందన్నాడు. మిగిలింది మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచీ బండిలో మా లెక్కే వేరు.

"బెల్లమా?"

"బెల్లమే బాబా. కొత్త బెల్లం. గీతలున్నాయి."

"అయితే సీదా పో."

వెనక తెల్లవాళ్లకు మా బాబా ఒక వింత. ఆయన కిందికి దిగి, గుప్పెడు ఇసుక తీసి, వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, చెంపకు తగిలే గాలిని చూసుకుని, ఇటు అని చెయ్యి చాపితే ఫోటోలు తీసేవారు. ఎన్ని తిన్నెలు దాటామో, తర్వాతది ఎంత పొడుగో ఆయనకి కంఠతా వచ్చు. ఒకసారి లెక్క తప్పానని నన్ను వెనక్కి తిప్పించాడు. నిజంగానే నేను ఒక తిన్నె ఎక్కువ దాటేశాను. ఆశ్చర్యంతో ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

అంతా బాగానే ఉంది గానీ ఆయన నన్ను సరే అనడే! డిసెంబర్‌లో అర్బాబ్ వచ్చి, కుర్రాడు తయారయ్యాడా అని అడిగితే, "ఇంకా లేదు" అన్నాడు. జనవరిలో అడిగితే మళ్లీ అదే. అప్పటికి నేను బండిని ఒక్కసారి కూడా ఇసుకలో దిగబడనివ్వలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. క్యాంపులో వంట చేసే గోదావరి అన్న ఒక్కడే నాకు మొర పెట్టుకోవడానికి మిగిలిన మనిషి.

"ఏంజేసిన్నని నన్ను పాస్ జేస్తలేడన్నా గీ ముసలాయన? ఏం తప్పు జేసిన్నో చెప్పమను."

"ఒళ్లంతా గర్వం తమ్ముడూ ఆయనకి," అన్నాడు అన్న ఉల్లిపాయలు తరుగుతూ. "ఎదురుగా నిలబడి సలాం పెట్టానా, చూసి కూడా చూడనట్టెళ్లిపోయాడు. నోరు తెరిచి పిలిచేదాకా పలకడండీ బాబూ."

"ఇగ నేను గూడ పలక. జూస్త ఏంజేస్తడో."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ శుక్రవారం పొద్దున స్టీరింగ్ పట్టుకుని మూతి బిగించాను. ఇన్నాళ్లూ నా చేత చెప్పించావు కదా, ఇవాళ నువ్వు చెప్పు, నువ్వే గురువువి కదా అని.

"ఏ రంగు?" అన్నాడు. నేను పలకలేదు.

"బెల్లమా?" పలకలేదు.

చక్రాల చప్పుడు వింటున్నట్టు తల వంచాడు. తర్వాత "సీదా" అన్నాడు.

ముందు ఒక పెద్ద తిన్నె. ఎక్కిస్తున్నాను. శిఖరం దగ్గరపడుతోంది. దాని అంచు కత్తితో కోసినట్టు సన్నగా ఉంది, అంటే అవతల తెగిపోయిందన్నమాట. నాకు తెలుసు, ఆయనకీ తెలియాలి. ఇప్పుడు ఆపమంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు అని చూస్తున్నాను. ఆయన గడ్డం పైకెత్తి, నిబ్బరంగా అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. నేను బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు రెండూ అంచు దాటి ఒరిగాయి. ముందర భూమి లేదు.

"ఎందుకు ఆపావు?" అన్నాడు బాబా.

అప్పుడు నేను ఆయన మొహంలోకి చూశాను. అన్ని నెలలూ పక్కనే కూర్చున్నా ఆయన కళ్లలోకి చూసే పని నాకెప్పుడూ పడలేదు. నా చూపంతా ఇసుక మీదే ఉండేది కదా. నల్లగుడ్డు మీద పాల మీగడ లాగా తెల్లగా కమ్మేసి ఉంది. ఆయన చెయ్యి చాచి ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డును తడిమి, అది ఎంత వాలి ఉందో చూసుకుని, మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఏం జరిగిందో ఆయనకీ అర్థమైంది. వెనక్కి ఎలా తీశానో, వెనక బండ్లను ఎలా ఆపించానో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం తెల్లవాళ్లు గొడుగుల కింద భోజనాలు చేస్తుంటే ఆయన్ని బండి నీడకి తీసుకెళ్లి నిలదీశాను.

"బాబా, నీకు కనపడదు కదా."

"పొద్దున కొంచెం కనపడుతుంది. ఎండెక్కితే అంతా పాలు."

"మోకాళ్ల నొప్పి?"

"మోకాళ్లకేం, గుండ్రాళ్లలా ఉన్నాయి."

"ఆస్పత్రికి పోలేదేం?"

"పోతే అర్బాబ్‌కి తెలుస్తుంది. మంచివాడు. ఇంట్లో కూర్చో బాబా, విశ్రాంతి తీసుకో అంటాడు." ఆ విశ్రాంతి అనే మాటను ఆయన ఉమ్మేసినట్టు అన్నాడు.

నేను పరీక్ష అనుకున్నది పరీక్షే కాదు. ఆయన అడిగింది తనకి తెలియకే. ఆ సంగతి బుర్రకెక్కగానే జాలి కంటే ముందు నాకు కోపమే వచ్చింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. "అందుకేనా నన్ను ఇంకా లేదు, ఇంకా లేదు అంటున్నావు? నాకు వేరే బండి ఇస్తే నీకు చెప్పేవాడు ఉండడని? నన్ను ఇబ్రికి పంపి ఇంకొకణ్ణి తెచ్చుకుంటావా?"

ఆయన కిందికి వంగాడు. ఇసుక తీసి, వేళ్లలోంచి జారవిడిచాడు. ఫోటో తీసేవాళ్లెవరూ లేరు.

ఎండలు ముదరడానికి ఇంకా నెలన్నర మిగిలింది. ఆయన అడగకుండానే రంగులు చెప్పేవాణ్ణి, బండి పడితే చచ్చేది నేనూ, వెనకవాళ్లూ కూడా కాబట్టి. ఇంకే మాటా లేదు. అర్బాబ్‌కి చెప్పనూ లేదు, క్షమించనూ లేదు. కానీ ఒకటి మాత్రం గమనించకుండా ఉండలేకపోయాను. ఇప్పుడు తెలిసి చూస్తుంటే ఆయన పనితనం ఇంకా వింతగా ఉంది. నేను కళ్లతో చూసి మూడు ముక్కలు చెప్తే, ఆయన గాలి, లెక్క, చప్పుడు కలిపి దారి అల్లుతున్నాడు. నా కళ్లు తీసేస్తే ఆయన పడతాడు, నిజమే. ఆయన్ని తీసేస్తే నేను ఎటు పోతాను?

ఎండలు ముదిరాయి. చివరి జట్టు వెళ్లిపోయాక అర్బాబ్ వచ్చాడు. ముగ్గురం కూర్చుని ఖహ్వా తాగుతుండగా అడిగాడు.

"చెప్పు బాబా. తయారయ్యాడా, ఇబ్రికి పంపనా?"

ఈసారి గనక ఇంకా లేదు అన్నాడో, ఆయన కళ్ల సంగతి అక్కడికక్కడే బయటపెట్టేద్దామని నేను నిశ్చయించుకుని ఉన్నాను. అరబ్బీ మాటలు కూడా పోగుచేసుకుని నోట్లో పెట్టుకున్నాను.

"ఎప్పుడో అయ్యాడు," అన్నాడు బాబా. "మొదటి నెలలోనే. నేనే చెప్పలేదు." గిన్నె కింద పెట్టడానికి చేత్తో నేల వెతుక్కున్నాడు. "నాకు కళ్లు పోయాయి. ఇన్నాళ్లూ బండి ఇతని కళ్లతో నడిచింది."

పోగుచేసుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. ఆ రోజు పడ్డ సిగ్గు తర్వాత నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. గెలిచింది నేనే, ఉద్యోగం నాదే, అయినా నేలలోకి కుంగిపోయినట్టయింది. అర్బాబ్ ఖహ్వా పక్కన పెట్టి లేచాడు. తర్వాత తన బండిలోనే బాబాను ఎక్కించుకుని మస్కట్ తీసుకెళ్లాడు.

ఆ తర్వాతి చలికాలానికి నాకు సొంత బండి వచ్చింది. మొదటి జట్టు వచ్చే పొద్దున, టైర్లలో గాలి తీస్తున్నాను, గేజీ పెట్టి. నాకు ఆ చెవి ఎక్కడిది! ఇంతలో అర్బాబ్ బండి ఆగి బాబా దిగాడు. సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. ఆపరేషన్ అయిందట. నన్ను ఆ అద్దాల్లోంచి తేరిపార చూశాడు. నా గొంతు విని ఇంకాస్త లావుగా ఉంటాననుకున్నాడట.

పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి తిన్నె ఎక్కాక ఆపమన్నాడు. దిగి, జేబులోంచి ఒక గుడ్డముక్క తీసి విప్పాడు. నేనిచ్చిన బెల్లం. గోలీ అంత ముక్క మిగిల్చాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎదురుగా ఉన్న ఇసుకతో పోల్చి చూశాడు. బెల్లం నల్లగా ఉంది, ఇసుక ఎర్రగా ఉంది.

"ఇదీ అదీ ఒకటేనా? నువ్వు అబద్ధం చెప్పావు."

"లేదు బాబా. ఏడాది దాటితే బెల్లం నల్లబడుతుంది. నేనిచ్చిన రోజున అది ఈ ఇసుక రంగే."

కాసేపు నన్నూ, బెల్లాన్నీ, ఇసుకనీ మార్చి మార్చి చూశాడు. నమ్మినట్టే ఉన్నాడు. ముక్క నోట్లో వేసుకుని బండెక్కాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"రంగు చెప్పు," అన్నాడు.

నేను గేరు వేసి చెప్పడం మొదలుపెట్టాను.