ఏదీ నాది కాదు

బౌద్ధ భిక్షువు ప్రసంగం విని వచ్చినప్పటి నుంచి టైలరు మావయ్య నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. చొక్కా బిగుతైందని ఎవరైనా మొత్తుకుంటే, "ఏదీ ఉన్నది ఉన్నట్టు ఉండదు నాయనా, నీ బొజ్జతో సహా" అనేవాడు. చెప్పిన రోజుకి గౌను ఇవ్వలేదని ఎవరైనా నిలదీస్తే, "కోరికే దుఃఖానికి మూలం తల్లీ! గౌను కావాలనుకున్నావు కాబట్టే నీకీ బాధ" అని ఎదురు నచ్చజెప్పేవాడు. పక్కనే కూర్చుని గుండీలు కుట్టే ఆయన భార్య ఇవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది.

ఒకరోజు మావయ్య ఆమెకి కొత్త పని పురమాయించాడు.

"'ఏదీ నాది కాదు' అని అట్ట మీద పెద్దగా రాసి గోడకి తగిలించు. వచ్చినవాళ్లు చదివి బాగుపడతారు."

ఆయన టీ తాగి వచ్చేసరికి ఆమె బట్టలు కత్తిరించే కత్తెరతో ఆ అట్ట అంచులు కత్తిరిస్తోంది. కాగితం కోస్తే పదును పోతుందని ఆ కత్తెరని ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మావయ్యకి ఒళ్లు మండిపోయింది.

"నీకేమైనా మతి పోయిందా? అది నా కత్తెర! నాది! కన్నబిడ్డలా చూసుకుంటున్నాను!"

ఆ కేకలకి వీధంతా కొట్టు ముందు పోగైంది. ఆమె మాత్రం తొణకలేదు, బెణకలేదు. అట్టని ఆయన ముక్కు దగ్గర పెట్టి అడిగింది.

"అక్షరాలు బాగా కుదిరాయా? మేకు ఎక్కడ కొట్టమంటారు?"

మావయ్య అట్ట చదివాడు. జనాన్ని చూశాడు. కత్తెర లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు.

"రేపు కొడదాంలే. ఇవాళ్టికి మాత్రం ఇది నాదే."