గ్రౌస్ పిట్ట దడ

గరాజ్ సర్దుతుంటే నా చిన్నప్పటి వేట కోటు, చేతుల్లేని ఆరెంజ్ వెస్ట్ బయటపడింది. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న, ఆయన ఆఫీస్ ఫ్రెండ్ టామ్ అంకుల్ నన్ను వర్జీనియా కొండల్లోకి, అడవికోళ్ళలాంటి గ్రౌస్ పిట్టల వేటకి తీసుకెళ్ళారు.

“ఈ రంగు దూరానికే కనబడుతుంది, ఇది వేసుకుంటే నిన్నెవరూ షూట్ చేయరు బంగారం,” అన్నాడు నాన్న. నన్ను కూడా షూట్ చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పొదల దగ్గరికి వెళ్ళగానే దడ్, దడ్, దడదడదడమని మొదలైంది. నా గుండే అనుకుని రెండు చేతులతో ఛాతీ నొక్కుకున్నాను. అంకుల్ తుపాకీ పేల్చాడు. దడ ఆగిపోయింది. నేను చచ్చిపోయాననుకున్నాను.

“అది మగపిట్ట రెక్కలు కొట్టుకునే చప్పుడమ్మా,” అని నాన్న నవ్వాడు.

వెస్ట్ దొరికిన మర్నాడే ఆ కొండల్లోకి వెళ్ళి గంటసేపు చెవులు రిక్కించి కూర్చున్నాను. గ్రౌస్‌లు బాగా తగ్గిపోయాయట. ఒక్క దడ కూడా వినిపించలేదు. నా చేయి దానంతటదే ఛాతీ మీదికి వెళ్ళింది.