కొట్టంలోంచి వచ్చిన జ్వరం

పెదకాకాని దగ్గర మా ఊళ్ళో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ముందు రసూల్‌బీకే కబురు వెళ్ళేది. భర్త హయాత్ పరుపులు కుట్టేవాడు. ఆమె గాజులు తీసి, చేతికి ఆముదం రాసుకుని, అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి లాగేది. జున్నుపాలు ఇస్తే పుచ్చుకునేది, ఇవ్వకపోతే అడిగేది కాదు.

రెండువేల రెండులో బుల్లయ్య పత్తి ఒక్కటే గిట్టక పాలవ్యాపారంలోకి కూడా దిగాడు. సంతలో చవగ్గా వస్తున్నాయని ఆరు గేదెల్ని తెచ్చాడు. ఆ ఏడే వాటిలో మూడు, నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. చచ్చిన దూడల్నీ, మాయనూ ఉత్త చేతులతో ఎత్తి పారేసింది రసూల్‌బీయే.

తర్వాత ఆమెకు జ్వరం పట్టుకుంది. పొద్దున బాగానే ఉండేది, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. చెమటకు పక్క తడిసిపోయేది. ఊరి ఆర్‌ఎంపీ ఒకసారి టైఫాయిడ్ అన్నాడు, ఇంకోసారి మలేరియా అన్నాడు. నడుం పట్టేసి, కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక హయాత్ గుంటూరు తీసుకెళ్ళాడు.

"గేదెల దగ్గర పనిచేస్తావా?" అని అడిగి, డాక్టరమ్మ రక్తం పరీక్షకు పంపింది. బ్రూసెల్లా అని తేలింది. ఈసుకుపోయిన పశువుల నుంచి, పచ్చిపాల నుంచి మనుషులకు అంటుకునే జబ్బని చెప్పింది.

రసూల్‌బీ గోడలు పట్టుకుంటూ బుల్లయ్య ఇంటికి వెళ్ళింది.

"బాబాయ్, పశువుల డాక్టర్ని పిలిపించు. ఆ గొడ్లకి పరీక్ష చేయించు."

"గట్టిగా అరవమాకే! పాలకేంద్రం వాళ్ళు వింటే నా పాలు పోయించుకుంటారా? నీ రోగానికి నా గొడ్లని అంటావేంటి?"

"వాటికి పురుడు పోసింది నేనే కదా బాబాయ్!"

అతను లోపలికి వెళ్ళిపోయాడు. కొద్దిరోజుల్లోనే ఆ మూడు గేదెల్నీ ఒంగోలు వైపు నుంచి వచ్చిన బేరగాడికి అమ్మేశాడు. జబ్బు సంగతి చెప్పలేదు.

ఊళ్ళో మాట మాత్రం ఇంకోలా పాకింది. రసూల్‌బీ చెయ్యి పడితేనే గొడ్లు ఈసుకుపోతున్నాయన్నారు. ఎన్నోసార్లు ఆమెను పిలిపించుకున్న హనుమాయమ్మే వాకిట్లో ఆపేసింది. "లోపలికి రామాకమ్మా, చూడి గొడ్డు ఉంది," అంది.

చాలాకాలం మందులు మింగితే జ్వరం వదిలింది గానీ నడుం నిలవలేదు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి కూడా కూర్చోలేకపోయింది.

బుల్లయ్య మళ్ళీ సంత గేదెల్నే తెచ్చాడు. ఒకదానికి ఈనాక మాయ పడకపోతే, దాన్ని చేత్తో తియ్యమని పొలం కూలికొచ్చే యేసుపాదం భార్యను కొట్టంలోకి పంపాడు. సంగతి తెలిసి రసూల్‌బీ ఆమెను పిలిపించి, తన కథంతా చెప్పింది.

"తెలుసు వదినా," అంది ఆమె. "పిలిస్తే రాననగలమా? పత్తి తీతకి మళ్ళీ ఆయన చేనికే కదా పోవాలి."