మంచి పేరు గల చెయ్యి

గ్రీకు భాషలో ఎడమకు ఒక పాత మాట ఉంది: యుఓనుమోస్. మంచి పేరు గలది అని అర్థం. తాడేపల్లిగూడెంలో నేను లైబ్రేరియన్‌గా పనిచేసే కాలేజీలో, అట్ట ఊడిన ఒక నిఘంటువును బైండింగుకు పంపబోతూ ఆ మాట చూశాను. ఎడమవైపు శకునమంటే వాళ్ళకు భయమట. అసలు పేరు పలికితే కీడును పిలిచినట్టవుతుందని పొగిడే పేరు పెట్టుకున్నారట, మనం పామును పురుగు అన్నట్టు. పుస్తకం మూసేశాను. ఆ రోజు దాన్ని బైండింగుకు పంపలేదు.

మా మామ్మ, నాన్నగారి తల్లి, ఎడమ అనే మాట నోట రానిచ్చేది కాదు. "ఆ చెయ్యి" అనేది. మా చెల్లెలికి పుట్టుకతో ఆ చెయ్యే వాటం. అన్నం కలపడం, పలక మీద రాయడం, అన్నీ దాంతోనే. రేపు అత్తారింట్లో ఆ చేత్తో వడ్డిస్తే ఏమనుకుంటారని మామ్మ బెంగ. చెల్లికి ఆరేళ్ళప్పుడు పాత చీర అంచు చింపి నాకిచ్చింది. బడికి వెళ్ళేముందు చెల్లి చెయ్యి నడుముకు కట్టాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చాక విప్పాలి. నాకు పదేళ్ళు. పెద్దవాళ్ళు అప్పజెప్పిన పని కదా, గర్వంగా ఉండేది.

ఒకరోజు మా ఊరి పక్క కొల్లేట్లో గూడబాతులు దిగాయంటే బడి నుంచి అటే స్నేహితురాళ్ళతో గట్టు మీదికి పోయాను. విప్పడం మరిచిపోయాను. పెద్దవాళ్ళంతా చేలో ఉన్నారు. సాయంత్రం వచ్చేసరికి చెల్లి అరుగు మీద కూర్చునుంది. వేళ్ళు వాచి నీలంగా మారాయి. మామ్మ అడిగితే, అక్క విప్పింది, నేనే మళ్ళీ కట్టుకున్నానని చెప్పింది. తన చెయ్యి తనే అలా కట్టుకోవడం కుదరదని అందరికీ తెలుసు. ఆ తర్వాత చెల్లి ఆ చెయ్యి వాడలేదు. కట్టే అవసరం లేకపోయింది.

పోయిన ఏడాది ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. వాళ్ళది గణపవరం. ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. దగ్గర నేనున్నాను. వ్యాయామం చేయించే అమ్మాయి చెంచా తెచ్చి, "ఈ చెయ్యి బాగానే ఉంది కదండీ, మీరే తినండి" అంది. చెల్లి నా వైపు చూసి ఎడమ చేతిని దుప్పటి కిందకు లాక్కుంది. యాభైకి దగ్గరపడిన మనిషి. నన్ను చూసి భయపడింది.

ఆ అమ్మాయి వెళ్ళాక నేను ఆ గ్రీకు మాట గురించి చెప్పాను. చెల్లికి నాలుక ఇంకా సరిగా తిరగడం లేదు. ఒక్కో మాటా కూడదీసుకుని అడిగింది.

"పేరు మారిస్తే... భయం పోయిందా అక్కా, వాళ్ళకి?"

ఆనాడు మరిచిపోయి గట్టుకు పోయినందుకు క్షమించమన్నాను. అన్నేళ్ళలో మొదటిసారి. ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుంది.

"మర్చిపోలేదు నువ్వు. మధ్యలో వచ్చావు. గుమ్మంలోంచి నన్ను చూసి నవ్వి, వెళ్ళిపోయావు."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బురదలో జారిన నా చెప్పు, తెల్లగా కదిలిన పక్షులు, పక్కనున్న పిల్ల పచ్చ పరికిణీ. మధ్యలో ఇంటికి వచ్చినట్టు గుర్తులేదు. నవ్వినట్టు గుర్తులేదు. కానీ అప్పటినుంచి ఆ నవ్వు నాకు కనిపిస్తోంది. గుమ్మంలో పదేళ్ళ నేను. ఆ ముఖం నాదే. దాన్ని ఏ పేరుతో పిలవాలో తెలియదు.

మరో మూడు వారాలకు చెల్లి ఎడమ చేత్తో తినసాగింది. ఇప్పుడు రాస్తోంది కూడా, ఒకటో తరగతి పిల్లలా. చుట్టాలు మర్యాదకు చూపు తిప్పుకుంటారు. మొన్న వాళ్ళింటికి వెళితే ఆ చేత్తోనే కాఫీ అందించింది. అందుకుంటుంటే సాసర్లో ఒలికింది. ఆమె చూసింది. నేను కప్పు ఎత్తి పట్టుకుంటే, ఆ చేత్తోనే గుడ్డతో సాసరు తుడిచింది.