గేటమ్మ ఆపిన బండి

మలుపు దగ్గరి రైలు గేటు చూసుకునే ఆవిడని అందరూ గేటమ్మ అనేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆ పేరు పోయి ట్యాంకులమ్మ అయింది. పొగమంచు కమ్మిన ఒక పొద్దున, ఎవరో పట్టాల పక్కన దించిపోయిన నల్ల నీళ్ళ ట్యాంకుల్ని చూసి, ఏనుగులనుకుని ఎర్రజెండా ఊపి బండి ఆపేసింది మరి! బండెడు జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. పై అధికారి మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి ఉత్తపుణ్యానికి ఆపావో, గేటు నీది కాదు" అన్నాడు. తోడికోడలు ఊరుకుంటుందా? "అక్కా, మా మేడ మీద కూడా ఓ ఏనుగుంది, వచ్చి చూసిపో" అనేది.

నవ్వేవాళ్ళకేం తెలుసు? ఆ గేటు అంతకుముందు ఆమె తండ్రిది. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ఆ మలుపులోనే ఒక తల్లి ఏనుగు పట్టాలకి అడ్డంగా పడి ఉండటం ఆమె కళ్ళారా చూసింది. మంద దాటిపోయింది కదా అని ఆ రోజు బండిని వదిలారు. వెనకబడ్డ పిల్ల కోసం తల్లి తిరిగొచ్చింది. ఇంజను ఒరిగింది, తల్లి మళ్ళీ లేవలేదు. తండ్రి మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి పొద్దున్నే మలుపుదాకా నడిచి, పట్టాలకి రెండు వైపులా నేల చదవడం ఆ ఇంటి అలవాటు. బళ్ళో మూడో తరగతి దాటకపోయినా, ఆ చదువులో ఆమెని కొట్టేవాళ్ళు లేరు.

మొన్న వాన వెలిసిన పొద్దున, ఎనిమిది గంటల బండికి ఇంకా పావుగంట ఉందనగా, మలుపులో ఏనుగు పేడ కనబడింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పట్టాల గట్టుకి ఇవతల బురదలో పెద్ద అడుగులు, వాటి మధ్య పళ్ళెమంత చిన్న అడుగులు. అవతల పెద్దవే ఉన్నాయి, చిన్నవి లేవు. ఒక్క పరుగున గేటుకొచ్చి స్టేషన్ మాస్టరుకి ఫోన్ చేసింది.

"ఏనుగులు కనబడుతున్నాయా?"

"లేదండీ, దాటేశాయి."

"దాటేస్తే ఇంకేమిటమ్మా?"

"పిల్ల దాటలేదు బాబూ. తల్లి తిరిగొస్తుంది."

"బండి ఇక్కణ్ణుంచి బయల్దేరిపోయింది. కనబడకుండా ఆపితే నీ గేటు పోతుంది, ఆలోచించుకో."

"ఆలోచించే టైమెక్కడుందండీ!"

జెండా పట్టుకుని బండికి ఎదురు పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులు ఏ గంగలో కలిశాయో!

బండి కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏం ట్యాంకులమ్మా, ఇవాళ ఎన్ని లీటర్లు?"

"నీ వెటకారం తర్వాత. ముందు కళ్ళు పెట్టి చూడు నాయనా."

ఐదు నిమిషాలు గడిచాయి. పదయ్యాయి. ఆకు కదల్లేదు. డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. ఆమె జెండా దించలేదు.

అప్పుడు పొదలు ఫెళఫెళమన్నాయి. తల్లి వచ్చి పట్టాల మధ్య నిలబడింది. డ్రైవరు చెయ్యి హారన్ మీదకి పోయింది.

"చెయ్యి తియ్యి! బెదిరిందా, నీ మీదకే వస్తుంది."

గబుక్కున తీశాడు. తల్లి గట్టు దిగి, గుంటలో చిక్కుకున్న పిల్లని తొండంతో పైకి లాగి, ముందు నడిపించుకుంటూ తీరిగ్గా పట్టాలు దాటించింది. డ్రైవరు కిందికి దిగొచ్చి "అమ్మా" అన్నాడు.

మర్నాడు పై అధికారే వచ్చాడు. ఏ గుర్తు చూసి ఆపావని అడిగితే, ఆయన్ని మెరిసే బూట్లతోనే బురదలోకి దింపి చూపించింది. గేటు ఆమె దగ్గరే ఉండిపోయింది. పైగా ఆ దారిలో కొత్తగా వచ్చే ప్రతి డ్రైవరూ ఒక పొద్దున ఆమె వెనక నడిచి నేల చదవాలిప్పుడు. తప్పు చదివితే ఊరుకోదు. "అది గేదెది నాయనా, మళ్ళీ వంగు!"