సాయన్న మామ ఇంటికి ఇద్దరు సాక్షులు

పనివాళ్లతో కోర్టు గొడవలు రాకుండా ఏం చేయాలని చిన్న కార్ఖానాల వాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నాకు కార్మిక చట్టం తెలుసని వాళ్ల నమ్మకం. ఆ చట్టం చదివి నేను చేసిన ఘనకార్యం తెలిస్తే నమస్కారం పెట్టి వెళ్లిపోతారు.

ఎనభైల చివర్లో, సోలాపూర్ నీలం నగర్‌లో మా నాన్న నడిపిన, దుప్పట్లు నేసే చద్దర్ల కార్ఖానా నా చేతికి వచ్చింది. అప్పటికే పక్క వీధి యజమాని ఒకాయన, పనిలోకి రాని మనిషిని నోటిమాటతో తీసేసి లేబర్ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. భయపడి చట్టం పుస్తకం తెచ్చుకున్నాను. సాక్షులు లేకుండా పనివాడిని ఏమీ అనకూడదని గ్రహించాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా చట్టం చదివినవాడు పొద్దే కాదు, వరస కూడా ఎరగడు.

అంతలో మా పాత పనివాడు సాయన్న, నాకు వరసకు మామ, కబురైనా లేకుండా రావడం మానేశాడు. ఇంటికే వెళ్లి, సాక్షుల ముందు కారణం అడిగి, పనిలోంచి తీసేద్దామనుకున్నాను. వాడలో ఇద్దరు పెద్దమనుషులను పిలిచాను. విషయం గోప్యం కదా, సాయన్న మామతో ఒక మాట తేల్చుకోవాలి, మీరు ఉండాలి అని మాత్రమే చెప్పాను. వాళ్లలో పెద్దవాడు నర్సయ్య తాత నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. కొత్త టోపీ పెట్టుకున్నాడు. దారిలో కొబ్బరికాయ కొన్నాడు. వచ్చేటప్పుడు గుడికి వెళ్తాడేమో అనుకున్నాను.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పెళ్లికాని వాడు ఇద్దరు పెద్దమనుషులతో పెళ్లీడు పిల్ల ఉన్న ఇంటికి వెళ్తే, మా వాడలో దానికి ఒక్కటే అర్థం.

మామ చాప పరిచాడు, తాను మాత్రం కూర్చోలేదు. ఇంత నిటారుగా నిలబడ్డ మనిషికి రోగమేమిటని మనసులో రాసుకున్నాను.

"పిల్ల తండ్రంటే గిట్ల ఉండాలె," అని తాత మెచ్చుకున్నాడు.

అప్పుడైనా వెలగాలి. వెలగలేదు. పళ్లెంలో పోహె, అంటే అటుకుల ఉప్మా, వచ్చింది. సోలాపూర్‌లో పిల్లను చూడవచ్చిన వాళ్లకు పెట్టేది అదే. ఆకలిగా ఉండి తిన్నాను. కిటికీ నిండా పక్కింటి ఆడవాళ్లు.

"ఇగ అడుగు బిడ్డా," అన్నాడు తాత.

"సుట్టీ అడగకుండ పనెందుకు బంద్ చేసినవ్ మామా?" అన్నాను.

మామ ముఖం పాలిపోయింది. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడు విన్న పెద్దమనుషులిద్దరికీ చెవులు మందం. బాగా అడిగానన్నట్టు తలలూపారు. మూల కూర్చొని బీడీలు చుడుతున్న అంబుబాయి, మామ కూతురు, చాట పక్కన పెట్టి లేచింది. నా ముందు నీళ్ల చెంబు పెడుతూ మెల్లగా అంది.

"నాయినకు కూసోలేని కాడ గడ్డ లేసింది. సిగ్గుతోటి చెప్పలే. నువ్వు ఆయన కామ్ తీసెయ్యనీకి వచ్చినవా, నన్ను అడగనీకి వచ్చినవా? వాడంత చూస్తున్నది. జల్ది చెప్పు."

మొదటిదంటే మామకు పని పోతుంది. పెద్దమనుషులు వచ్చి వద్దనుకొని పోయారన్న మాట ఆ పిల్లను జీవితాంతం వదలదు. అంత సూటి ప్రశ్న నేను చదివిన చట్టంలో ఎక్కడా లేదు. అడిగిన మనిషి కూడా నచ్చింది.

"నిన్ను అడగనీకే."

"మొదలు నాయినకు పగారు తోటి సుట్టీ ఇయ్యి. నా మాట తర్వాత చెప్త."

జీతంతో సెలవు: మా కార్ఖానాలో కుదిరిన మొదటి ఒప్పందం అదే. మామ గడ్డ మానాక ఆమె ఒప్పుకుంది.

ఆ తర్వాత ఎవరు పనిలోకి రాకపోయినా, "ఒక్కనివే పో, ఎట్లున్నవని అడిగి రా," అని నన్ను పంపేది. నేను కోర్టు గడప తొక్కలేదు. కార్మిక చట్టంలో నాకు తెలిసిందంతా ఇదే. ఈ కథ చెప్పడం ఎప్పుడూ ఆమె పనే. ఆమె పోయాక నా మీద పడింది. ఆమె చెప్పినప్పుడు నేను ఇంకా మూర్ఖుడిగా ఉండేవాడిని.

కనుక చదివేవారందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పనివాడి ఇంటికి ఇక సాక్షులను తీసుకెళ్లను. ఎవరింట్లోనైనా పోహె పెడితే, ఎందుకు పెట్టారో అడిగాకే తింటాను.