బొట్టు పెట్టి పిలిచిన కరెంటు

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో లేడీస్ వెయిటింగ్ రూము. ఖరిదా బజారులో నేను పెట్టబోయే టిఫిన్ షాపుకి మీటరు ఇవ్వడానికి కరెంటాఫీసులోని బెంగాలీ దాదా డబ్బు కవరు అడిగాడనీ, రేపు ఇచ్చేస్తాననీ ఫోనులో మా ఆయనతో అంటున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ అదంతా వింది.

"మా తాల్‌బగీచా పిండిమరకీ అక్కడి ఆఫీసు బాబు అలగే అడిగినాడమ్మా. కుంకుమ బరిణె పట్టుకొని ఆఫీసుకెల్లినాను. అందరూ సూస్తుండగా ఆ బాబుకి బొట్టెట్టి, 'దాదా, సుక్కురోరం మర ఓపెనింగు, స్విచ్చి నువ్వే నొక్కాల' అని పిలిసినాను. ఆఫీసంతా సప్పట్లు. ఇంకేటడుగుతాడు? గురువారానికే కరెంటొచ్చీసింది."

"మగవాళ్లని బొట్టు పెట్టి పిలుస్తారా, పిన్నిగారూ?"

"ఆ సంగతి బెంగాలీ బాబుకేటి తెలుస్తాది?" అని నవ్వుతూ సంచీ అందుకుంది. ఆవిడ రైలు వచ్చేసింది. పేరైనా అడగలేదు.

మర్నాడు కవరు ఇంట్లోనే వదిలి, బరిణెతో ఆఫీసుకి వెళ్లాను.

మా షాపు స్విచ్చి నొక్కిన దాదా ఇప్పటికీ ఆదివారాలు ఇడ్లీకి వస్తాడు. డబ్బిచ్చే తింటాడు. చేయి కడుక్కున్నాక మాత్రం, బొట్టు కోసం నుదురు వంచి నిలబడతాడు.